శనివారం ఎక్కే గాలి

బ్రేకు బాగాలేదని చెప్పడానికి అందరూ వస్తారు. బ్రేకు బాగుందని చెప్పడానికి నా దుకాణానికి ఇంతవరకూ ఒక్కరూ రాలేదు. బాగుంటే ఎందుకొస్తారు? సైకిలెక్కి తమ దారిన తాము పోతారు. ఈ సంగతి తెలిసే ఈ పనిలోకి దిగాను కాబట్టి నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు, ఒక్క నతానియేలు గారి మీద తప్ప. ఆయన బ్రేకు బాగుచేసి పంపిన ప్రతిసారీ, ఇంక ఈయన రారు కదా అని నా మీద నాకే కోపం వచ్చేది. అదే బ్రేకు మళ్లీ చెడి ఆయన వస్తే, నా పనితనం ఏ గంగలో కలిసిందని ఇంకా కోపం వచ్చేది. మొత్తం మీద ఆ ఏడాది వానాకాలమంతా నాకు కోపంతోనే గడిచింది.

నా పేరు నవత. లాల్ బజార్ నుంచి తిరుమలగిరి వైపు వెళ్తుంటే ఒక బేకరీ పక్క సందులో నా దుకాణం. గేర్ల సైకిళ్లు, కొండలెక్కే సైకిళ్లు మాత్రమే చూస్తాను. అంతకుముందు బేగంపేటలో పొద్దున పోతే చీకటి పడ్డాక వచ్చే ఆఫీసు ఉద్యోగం చేశాను. పెళ్లి కూడా చేసుకున్నాను. రెండూ ఒకే ఏడాది వదిలేశాను. ఏది ముందు వదిలానన్నది మా అమ్మ దేవమ్మ ఇప్పటికీ ఒక్కో చుట్టానికి ఒక్కో రకంగా చెబుతుంది. నా నోరు కాస్త దురుసు. ఫోన్లో నా దుకాణాన్ని మెచ్చుకున్నవాళ్లు కూడా ‘పని బాగుంటుంది, మేడమ్‌తో జాగ్రత్త’ అని రాస్తారు.

నతానియేలు గారు బొల్లారంలో ఉంటారు. తిరుమలగిరిలో ఒక బడిలో లెక్కల సారు. భార్య ఆలిస్ గారు జబ్బు చేసి పోయి చాలా ఏళ్లయింది. పిల్లల్లేరు. తల్లీ కొడుకులిద్దరే. బీపీ ఉంది, నడవమని డాక్టరు చెబితే, ఒక్కడినే నడవాలంటే దిగులేస్తుందని కొండ సైకిలు కొన్నారట. రోజూ బడికి దాని మీదే. సెలవులొస్తే పొద్దున్నే మౌలాలి గుట్ట వైపు తొక్కుకుంటూ పోతారు. ఆదివారం చర్చిలో పాడతారు, శనివారం సాయంత్రం క్వయర్ వాళ్లతో ప్రాక్టీసు. చర్చి ఇంటికి నాలుగడుగులే కాబట్టి అక్కడికి సైకిలు తీయరు.

మొదటిసారి వచ్చినప్పుడు సైకిలు స్టాండు వేసి, ఎడమ చేతి బ్రేకు, వెనక చక్రానిది, నొక్కి చూపించి, “మెత్తబడిందండి” అన్నారు. అంతే. ముందు చేసినవాడు సరిగ్గా చేయలేదనీ, కంపెనీ మంచిది కాదనీ, తనకు ఫలానావాళ్లు తెలుసనీ ఏమీ అనలేదు. అట్లాంటి మనిషిని నా దుకాణంలో చూసి చాలా కాలమైంది.

ఈ సైకిళ్లలో బ్రేకుకు తీగ ఉండదు. హ్యాండిల్ దగ్గరి లివర్ నుంచి చక్రం దాకా సన్నటి గొట్టం, దాన్నిండా నూనె. లివర్ నొక్కితే నూనె ముందుకు తోసుకుపోతుంది, చక్రం దగ్గర రెండు ప్యాడ్లు వచ్చి ఇనుప డిస్కును పట్టుకుంటాయి. నొక్కితే నూనె అణగదు, గాలి అణుగుతుంది. అదే చిక్కు. గొట్టంలో ఆవగింజంత గాలి చేరినా, మనం నొక్కిన బలమంతా ఆ గాలిని అణచడానికే సరిపోతుంది. చక్రం దాకా ఏమీ చేరదు. ఆ గాలిని బయటికి పంపడమే బ్లీడింగ్. పైన లివర్‌కు చిన్న గరాటు బిగించి, కింద చక్రం దగ్గర సిరంజి పెట్టి నూనెను మెల్లగా పైకి నెట్టాలి. గొట్టాన్ని స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ ఉండాలి. బుడగలు ఒక్కొక్కటే వచ్చి గరాటులో తేలుతాయి. తొందరపడితే రావు.

నేను తొందరపడలేదు. మామూలుగా అయితే అరగంటలో తేల్చే పనిని ఆ సాయంత్రం వీలైనంత సాగదీశాను.

“సార్, జెర ఈ గరాటు పట్టుకోండ్రి. కదలొద్దు” అన్నాను.

గరాటు మరతో బిగుసుకుని ఉంటుంది. భూకంపం వచ్చినా కదలదు. ఆయన్ని కూర్చోబెట్టడానికి ఆ పని కల్పించాను. స్టూలు మీద కూర్చుని, పరీక్షలో కాపలా ఉన్నంత శ్రద్ధగా, రెండు వేళ్లతో గరాటు పట్టుకున్నారు.

“ఇదెక్కడి నుంచి వచ్చిందండీ, ఈ బుడగ?” అని అడిగారు, ఒకటి పైకి రాగానే.

“పైన లివర్ కాడ చిన్న నూనె డబ్బా ఉంటది సార్. దాంట్ల ఎంత నింపినా జెరంత గాలి మిగుల్తది. అది పైననే ఉన్నంతసేపు ఏం కాదు. సైకిల్‌ని ఉల్టా చేసి లివర్ నొక్కితే గొట్టంలకు దిగుతది. మామూలు సైకిల్ లెక్క దీన్ని ఎప్పుడు తలకిందులు చెయ్యొద్దు.”

“నేనెప్పుడూ చేయనండి” అన్నారు. అబద్ధం చెప్పే ముఖం కాదది.

బుడగలు వచ్చే లోపల మాటలూ వచ్చాయి. ఆలిస్ గారూ ఆయనా ఒకే క్వయర్‌లో పాడేవారట. ఇంట్లో వంటచేస్తూ ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు అందుకునేవారట. “ఇప్పుడు పాడ్తలేరా ఇంట్ల?” అని అడిగాను. “చర్చిలో పాడతానండి. ఇంట్లో ఎందుకో గొంతు రాదు” అన్నారు. చెప్పి, గరాటు ఇంకాస్త జాగ్రత్తగా పట్టుకున్నారు.

దాచడం దేనికి, నాకాయనంటే ఇష్టం కలిగింది. ఎంత ఇష్టమంటే, ఆయన సైకిలెక్కి సందు మలుపు తిరిగేదాకా చేతులకు నూనెతో అట్లాగే నిలబడి, పక్క బేకరీ ఆయన “ఏమైంది మేడమ్” అంటే “మీకేం పని” అని కసిరాను. మా అమ్మకు తెలిస్తే కులం, మతం, వయసు మూడింటినీ వరసబెట్టి ఏడుస్తుంది. అయినా తెలియడానికి ఏముంది? ఆయన బ్రేకు బాగైంది. ఆయన మళ్లీ వచ్చే పని లేదు.

కొన్ని వారాలకు మళ్లీ వచ్చారు. అదే ఎడమ లివర్, అదే మెత్తదనం.

సిగ్గేసింది, సంతోషమేసింది. పైకి మాత్రం సైకిలు మీద విరుచుకుపడ్డాను. గొట్టం అతుకులకు టిష్యూ కాగితం చుట్టి చూశాను, ఎక్కడా తడి లేదు. ప్యాడ్లకు నూనె అంటలేదు. డిస్కు వంకర పోలేదు. లివర్‌ను రబ్బరు బ్యాండుతో బిగించి ఒక రాత్రి దుకాణంలోనే వదిలేశాను, తెల్లారేసరికి రాయిలా ఉంది. అయినా నమ్మకం లేక మళ్లీ నూనె పట్టాను, మళ్లీ ఆయన గరాటు పట్టుకున్నారు, మళ్లీ మాట్లాడుకున్నాం. ఆయన వెళ్లారు. నాలుగు వారాలు గడిచాయో లేదో, ఇంకో సోమవారం, సందు మలుపులో ఆయన తల కనిపించింది.

ఎప్పుడూ సోమవారమే. నేను దాన్ని పట్టించుకోలేదు. ఆయన వచ్చిన రోజు సోమవారమా బుధవారమా అని చూసే తెలివి నాకప్పుడు ఉంటేగా.

గొట్టం చివరి బిగింపులు మార్చాను. చక్రం దగ్గర ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్ విప్పి లోపలి రబ్బరు సీళ్లు కొత్తవి వేశాను. నా చేతిలో ఉన్నంతసేపు ఆ బ్రేకు బుద్ధిమంతురాలే. ఆయనింటికి పోయి కొన్నాళ్లుండేసరికి ఏదో దెయ్యం పట్టేది. ఏడెనిమిదేళ్ల నుంచి చేస్తున్న పని నాకు రాదేమోనని అనుమానం పట్టుకుంది.

“సార్, సైకిల్ ఏడ పెడ్తరు?”

“వరండాలో, గోడకు ఆనించి.”

“కొక్కానికి తగిలిస్తున్నరా?”

“లేదండి.”

“ఉల్టా గిట్ల?”

“మీరు మొదటి రోజే చెప్పారు కదండీ. ఆ రోజే ఇంటికెళ్లి అమ్మకు కూడా చెప్పాను. మీరు ఏం చెప్పినా అన్నం దగ్గర అమ్మకు చెబుతాను” అని, ఎందుకు చెప్పానా అన్నట్టు కిందికి చూశారు.

దసరా దగ్గర పడుతుండగా వచ్చిన సోమవారం మాత్రం ఆయన స్టూలు మీద కూర్చోలేదు. నిలబడే చెప్పారు.

“పొద్దున లాల్ బజార్ చౌరస్తాలో ముందు బస్సు ఆగిందండి. వెనక బ్రేకు నొక్కితే లివర్ వచ్చి హ్యాండిల్‌కు తగిలింది. ముందుది గట్టిగా పట్టేసరికి వెనక చక్రం లేచింది. బస్సుకూ నాకూ మధ్య ఇంత కూడా లేదు.” జానెడు చూపించారు. “అమ్మకు చెప్పలేదు. సెలవుల్లో మా బడివాళ్లం సైకిళ్ల మీద అనంతగిరి కొండలకు వెళ్దామనుకున్నాం. అంతా దిగుడు దారి. ఇది ఇలాగే ఉంటే అమ్మేద్దామని చూస్తున్నానండి. మీ తప్పని కాదు.”

మీ తప్పని కాదు అన్నారు చూడండి, దానికంటే తిట్టినా బాగుండేది.

ఆయన వెళ్లాక లెక్క వేసుకున్నాను. బ్రేకు బాగుచేస్తే రారు. చేయకపోతే సైకిలే ఉండదు, అప్పుడూ రారు. ఈ రెండింటి మధ్య కాసేపు కొట్టుకున్నాక మూడోది తట్టింది. చేయకపోతే ఆయనే ఉండకపోవచ్చు. ఆ జానెడు జాగా కళ్ల ముందు నిలిచింది. ఆయన నా దుకాణానికి వస్తే ఎంత, రాకపోతే ఎంత. ముందు ఆ బ్రేకు నిలబడాలి.

ఆ సోమవారమూ ఎప్పట్లాగే నూనె పట్టి, రాయిలాంటి లివర్‌తోనే సైకిలు ఇచ్చి పంపి ఉన్నాను. కానీ ఈసారి రోగం నా దుకాణంలో లేదనీ, ఆయనింట్లోనే ఉందనీ నిశ్చయించుకున్నాను. మళ్లీ సోమవారం వచ్చేదాకా ఆగదలచుకోలేదు. శనివారం సాయంత్రం దుకాణం తొందరగా మూసి, సంచిలో సిరంజీ గరాటూ నూనె సీసా పడేసుకుని, స్కూటీ మీద బొల్లారం బయల్దేరాను. సీళ్లు ఇంకోసారి చూడాలని సాకు తయారుగా పెట్టుకున్నాను. శనివారం ఆ వేళకు ఆయన ప్రాక్టీసులో ఉంటారని నాకు తెలుసు. తెలిసే వెళ్లాను. ఎదురుగా ఆయనుంటే నాకు సైకిలు సరిగ్గా కనపడదు.

మిలిటరీ వాళ్ల ప్రహరీ పక్కన, పెద్ద చెట్ల కింద చిన్న ఇల్లు. గేటు తీస్తూనే ఆగిపోయాను.

వరండాలో గోనెసంచి పరిచి ఉంది. దాని మీద సైకిలు తలకిందులుగా, చక్రాలు రెండూ పైకి. పక్కన పీట మీద ఒక పెద్దావిడ, తెల్ల చీర, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. పాత బనీను గుడ్డతో చక్రం పుల్లలు ఒక్కొక్కటే తుడుస్తోంది. వెనక చక్రాన్ని చేత్తో గిర్రున తిప్పింది. వంగి, కిందున్న లివర్ నొక్కింది. చక్రం ఆగింది. మళ్లీ తిప్పింది. మళ్లీ నొక్కింది. నొక్కిన ప్రతిసారీ గాలి గొట్టంలోకి దిగడం నా కళ్లకు కనిపిస్తున్నట్టే ఉంది.

“ఎవరమ్మా?” అంది నన్ను చూసి.

“నవత, ఆంటీ. సైకిల్ దుకాణం.”

ఆవిడ చేతిలో గుడ్డ జారిపోయింది. ఇంట్లో దొంగతనం చేస్తూ దొరికిపోయిన చిన్నపిల్ల ముఖం పెట్టింది. “కూర్చో తల్లీ, కాఫీ పెడతా” అని లేవబోయింది.

“కాఫీ తర్వాత. ముందు సైకిల్ సీదా చేద్దాం” అని నేనే ఎత్తి నిలబెట్టాను. ఒళ్లు మండిపోతోంది. “ఈ బ్రేకు కోసం నేను ఎంత పరేషాన్ అయిన్నో తెల్సా ఆంటీ మీకు? నాకు పని రాదేమో అనుకున్న. బోర్లేయొద్దని సార్ మీకు చెప్పలేదా?”

“చెప్పాడమ్మా.”

“మరి?”

ఆవిడ పేరు రోసమ్మ. అప్పటికి నాకు తెలియదు, ఆవిడ మాటల్లోనే తెలిసింది. గుడ్డను మడత పెడుతూ, విప్పుతూ, మళ్లీ మడత పెడుతూ మాట్లాడింది.

“మా ఆయన రైల్వేలో చేసేవారు. మౌలాలి క్వార్టర్సులో ఉండేవాళ్లం. శనివారం సాయంత్రం డ్యూటీ దిగొచ్చి, సైకిలు బోర్లేసి తుడిచేవారు. ఆదివారం ఆరాధనకి మురికి సైకిలు మీద వెళ్లకూడదనేవారు. చక్రం తిప్పి, బ్రేకు నొక్కి, టక్కున ఆగితే ‘రేపు నువ్వు పడవులే రోసమ్మా’ అనేవారు. ఎనక కూర్చునేది నేనేగా.” వెనక చక్రం మీద చెయ్యి వేసింది. “ఇంట్లోకి మళ్లీ సైకిలొచ్చేసరికి చెయ్యి ఊరుకోలేదు. వాడు ప్రాక్టీసుకి పోగానే బోర్లేసి తుడిచేదాన్ని. మొదటిసారి పాడైంది నా మూలానే అని నాకు తెలీదమ్మాయ్, నిజంగా. వాడొచ్చి చెప్పాక తెలిసింది. ఆ రోజుతో మానేశాను.”

“మానేస్తే మళ్ల ఎట్ల పాడైంది?”

రోసమ్మ గారు గేటు వైపు చూసింది, కొడుకు వస్తున్నాడేమోనని.

“ఆ రోజు నీ దుకాణం నుంచి వచ్చి, వాడు స్నానం చేస్తా పాడాడు. కోడలు పోయాక ఇంట్లో వాడి గొంతు వినడం అదే. నేను పొయ్యి దగ్గర ఉన్నదాన్ని, కూర మాడినా కదల్లేదు. నాలుగు రోజులు పాడాడు. చొక్కా తొడుక్కుంటా, చెప్పులేసుకుంటా. ఆ తర్వాత ఆగిపోయింది. పలకరిస్తే పలుకుతాడు, అంతే. చర్చిలో పాడతాడమ్మా, అది దేవుడికి. ఇంట్లో పాడింది ఎవరి కోసమో, తల్లిని నాకు తెలీదా?” గుడ్డ మళ్లీ మడత పెట్టింది. “నాకు ఇంకేం తోచలా. పాట ఆగినప్పుడల్లా కొన్ని వారాలు చూసి, ఒక శనివారం బోర్లేసి రెండుసార్లు నొక్కేదాన్ని. సోమవారం వాడు నీ దగ్గరికి వచ్చేవాడు. మొన్న నీ దగ్గర్నుంచి వచ్చి పాడనే లేదు. సైకిలు అమ్మేస్తానంటన్నాడు. అమ్మేస్తే ఇంక దేనికి పోతాడు నీ దగ్గరికి? అందుకే ఈసారి వారమైనా ఆగలా.”

నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. ఆయన పాడారట. నా దుకాణం నుంచి వెళ్లి. నేను ఇక్కడ మలుపు వైపు చూస్తూ నిలబడితే, అక్కడ ఆయన స్నానం చేస్తూ పాడారట. కానీ జానెడు జాగా ఇంకా కళ్ల ముందే ఉంది. చెప్పక తప్పలేదు.

“ఆంటీ, సోమవారం లాల్ బజార్‌ల సార్ బస్సు కిందికి పోవాల్సింది. వెనక బ్రేకు పడలే. ఇంతల తప్పింది.”

ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పీట మీద కూలబడింది. చాలాసేపటికి, “రెండు బ్రేకులుంటాయిగా, ఒకటి మెత్తబడితే ఏమవుద్దిలే అనుకున్నాను” అంది, నాకు కాదు, తనకే చెప్పుకుంటున్నట్టు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. నేను పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నాకు ఓదార్చడం రాదు. చెయ్యి పట్టుకోవడం వరకే వచ్చు.

ఎండ పోకముందే పని మొదలుపెట్టాను. వరండాలోనే సైకిలు నిలబెట్టి, ప్యాడ్లు తీసి పక్కన పెట్టి, గరాటు బిగించి, కింద సిరంజి పెట్టాను. నోటి అలవాటు ఎక్కడికీ పోదు కదా, “ఆంటీ, జెర గరాటు పట్టుకోండ్రి” అనేశాను.

ఆవిడ లేచి వచ్చి గరాటును ఒక వేలితో కదిపి చూసింది. కదల్లేదు.

“ఇది మరతో బిగిసే ఉందిగా” అంది. “మా వాడు చెప్పాడులే.”

“ఏం చెప్పిండు?”

“ఆ గరాటు దానంతటదే నిలబడుద్దమ్మా, అయినా ఆవిడ పట్టుకోమంటది, నేనూ పట్టుకుంటాను అని.”

నేను తల ఎత్తలేదు. సిరంజి నెడుతూనే ఉన్నాను. మొదటి రోజు నుంచీ ఆయనకు తెలుసు. లెక్కల సారుకు మర తెలియకుండా ఎట్లుంటుంది? తెలిసి, రెండు వేళ్లతో అంత జాగ్రత్తగా పట్టుకుని కూర్చున్నారు. బుడగలు ఒక్కొక్కటే పైకి వస్తున్నాయి. రోసమ్మ గారు కూడా వేలు తీయలేదు.

బుడగలు ఆగిపోయాయి. నూనె తేటగా పైకి వచ్చింది. పై డబ్బాను అంచు దాకా నింపి బిగించాను.

“ఇంక పాడవదా?” అంది ఆవిడ.

“మీరు బోర్లెయ్యకపోతే పాడవదు.”

“అయితే నీ దుకాణానికి రాడు.”

“రారు ఆంటీ.”

బొల్లారం స్టేషన్ వైపు ఏదో రైలు కూత పెట్టింది. ఆవిడ శనివారాన్ని ఆవిడ దగ్గర నుంచి తీసుకుపోవడం నాకు ఇష్టం లేకపోయింది. లోపల తాడు ఉందా అని అడిగాను. వరండా దూలానికి తాడు కట్టి, సీటు కింద తగిలించి, వెనక చక్రం నేలకు నాలుగు వేళ్లు లేచేట్టు చేశాను. హ్యాండిల్ పైనే, చక్రాలు కిందనే. “ఇట్ల కట్టి తుడుచుకోండి, తిప్పుకోండి, నొక్కుకోండి. ఏం కాదు” అన్నాను. ఆవిడ చక్రం గిర్రున తిప్పి లివర్ నొక్కింది. టక్కున ఆగింది. పెదవులు కదిలాయి. ఏమన్నదో వినపడలేదు గానీ నాకు తెలుసు.

ఆయన వచ్చేసరికి తాడు విప్పేశాం. నన్ను వరండాలో చూసి గేటు దగ్గరే నిలబడిపోయారు.

“మీరా?”

“బ్రేకు ఇంకోసారి చూద్దామని వచ్చిన సార్. దొరికింది. ఇంక తక్లీఫ్ ఉండది. అనంతగిరికి నిమ్మలంగ పోయి రండి.”

లివర్ నొక్కి చూశారు. సంతోషించాల్సిన మనిషి కాసేపు అట్లాగే పట్టుకుని నిలబడ్డారు.

“ఇంక మళ్లీ రాదా?” అన్నారు.

“రాదు సార్.”

రోసమ్మ గారు గోనెసంచి దులుపుతూ అటు తిరిగింది. ఏం దొరికిందని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. గేటు దాకా వచ్చి థాంక్స్ చెప్పారు. వచ్చే దారంతా స్కూటీని చాలా మెల్లగా నడిపాను.

తర్వాత సోమవారం ఆయన రాలేదు. ఆ తర్వాతి సోమవారమూ రాలేదు. దసరా వెళ్లింది. అనంతగిరి వెళ్లినవాళ్లలో ఒకాయన గేర్లు సరిచేయించుకోవడానికి వచ్చి, అందరూ క్షేమంగా దిగారనీ, దిగుడులో నతానియేలు సారే అందరికంటే ముందున్నారనీ చెప్పాడు. ఆ పూట నా పని మీద నాకు పుట్టినంత గర్వం ఎప్పుడూ పుట్టలేదు. అంత కక్షా ఎప్పుడూ పుట్టలేదు. అంత బాగా ఎవరు చేయమన్నారు?

ఆయన నంబరు ఫోన్లో ఉంది. ‘బ్రేకు ఎట్లుంది సార్’ అని టైపు చేసి చెరిపేశాను. ఒకసారి కాదు. పనివాళ్లు అట్లా అడుగుతారు, తప్పేం లేదు, అయినా పంపలేకపోయాను. అడగాలనుకున్నది బ్రేకు గురించి అయితే పంపేదాన్నే. ఖాళీ స్టూలు ఎదురుగా ఉంటే చూడలేక దాని మీద పాత టైర్లు పడేశాను. ఒక సోమవారం పొద్దున, ఆ పెద్దావిడ మాట తప్పితే బాగుండునని అనుకున్నాను. అనుకున్న మరుక్షణం బస్సు గుర్తొచ్చింది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. ఆయన ఇప్పుడు ఇంట్లో పాడుతున్నారో లేదో అడగడానికి నాకు ఎవరున్నారు?

చలి మొదలైంది. ఒక శనివారం సాయంత్రం ఎవరిదో కాలేజీ కుర్రాడి సైకిలుకు నూనె పడుతున్నాను. గరాటు బిగించి, వంగి సిరంజి నెడుతున్నాను. సందులో చెప్పుల చప్పుడైంది. బేకరీకి వచ్చినవాళ్లనుకుని తల ఎత్తలేదు.

“నవత గారూ.”

ఆయనే. చేతిలో సైకిలు లేదు. ఇస్త్రీ చొక్కా, చంకలో పాటల పుస్తకం. బస్సు దిగి నడిచి వచ్చినట్టున్నారు, నుదుటి మీద చెమట.

మొదట నోటికి వచ్చింది బ్రేకే. “ఏమైంది సార్? సైకిలేది? మళ్లీ చెడిందా?”

“ఇంట్లో ఉందండి. అమ్మ తుడుస్తోంది.” ఊపిరి తీసుకున్నారు. “బ్రేకు బాగుంది. బాగుందని చెబుదామని వచ్చాను.”

ఇన్నేళ్లలో ఆ మాట చెప్పడానికి వచ్చిన మొదటి మనిషి. చంకలో పుస్తకం చూసి, “ఇయ్యాల శనివారం కదా సార్. ప్రాక్టీస్ లేదా?” అన్నాను.

“ఉందండి” అన్నారు.

ఉన్నా వచ్చారు. స్టూలు మీద టైర్లు తనే తీసి కింద పెట్టారు. పుస్తకం గోడవార పెట్టి, కూర్చుని, ముందుకు వంగి, నేను చెప్పకుండానే ఆ కుర్రాడి సైకిలు గరాటును రెండు వేళ్లతో పట్టుకున్నారు. అది మరతో బిగిసే ఉంది. ఇద్దరికీ తెలుసు.

“జెర గట్టిగ పట్టుకోండ్రి సార్” అన్నాను.